తూము మూసిన గోడ

పుదూరుకీ ఎట్టయాపురానికీ మధ్య రోడ్డు మీద బస్సు దిగి, నల్లరేగడి చేల గట్టున కాస్త దూరం నడిస్తే మా పుట్టింటి ఊరు వస్తుంది. ఎండాకాలంలో అది మామూలు నడకే. వాన కురిసినాక మాత్రం అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం. రేగడి మట్టి చెప్పులకు ముద్దలు ముద్దలుగా పట్టుకుని వదలదు. ఆ రోజు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నడిచాను. ముందురోజు మా అన్న విరుదునగరుకు ఫోన్ చేసి చెప్పిన మాట చెవిలోనే ఉంది.

“ముత్తంలో నీళ్లు పోనే లేదు పాపా. పత్తింటి గోడ బీటలిచ్చింది. నువ్వొక తూరి వచ్చి చూసిపో.”

ముత్తమంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న జాగా. ఆంధ్రలో మండువా అంటారని నాకు చాలా పెద్దయ్యాక తెలిసింది. పత్తిల్లు అంటే పత్తి దాచుకునే రాతి గది. మా ఇంట్లో అన్నిటికన్నా ముందు కట్టింది అదే. నేను విరుదునగరులో బడిలో లెక్కలు చెబుతాను. అన్న ఊళ్లోనే ఉండి సేద్యం చేస్తున్నాడు. అమ్మ, వదిన, అన్న, ముగ్గురూ ఆ పాత ఇంట్లోనే ఉంటారు. ఇంట్లో అనకూడదేమో, సగం ఇంట్లో ఉంటారు.

నేను వెళ్లేసరికి వాకిట్లోంచి నల్లటి పైపు ఒకటి వీధిలోకి నీళ్లు కక్కుతోంది. లోపల ముత్తంలో పిక్కల దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. మోటారు పెట్టి తోడుతూనే ఉన్నారట, తోడినంత మళ్లీ కురుస్తోంది. వదిన ధాన్యం మూటలూ ఫ్రిజ్జూ అన్నీ ముందరి తాళ్వారంలోకి చేర్చింది. తాళ్వారమంటే ముత్తం చుట్టూ పెంకుటి కప్పు కింద ఉండే వసారా. అన్న నన్ను తిన్నగా పత్తింటి దగ్గరికి తీసుకుపోయాడు. దూలం కూర్చున్న చోటి నుంచి కింది దాకా గోడ చీలి ఉంది. అన్న ఆ చీలికలో చెయ్యి పెట్టి చూపించాడు.

“నిన్న వేలు పట్టేది. ఇయ్యాల చెయ్యే పోతా ఉండాది.”

ఇంజినీరును పిలిపించి చూపించారట. అతను చుట్టూ తిరిగి చూసి, ఇల్లు మొత్తం పడగొట్టి కాంక్రీటుతో కట్టుకోమని చెప్పి పోయాడు.

“పడగొట్టేది ఎట్లా? నడిమింటి దూలాలు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతాయి. వాళ్లను అడక్కుండా ఒక్క కట్టె గూడా కదిలించలేము” అన్నాడు అన్న.

వాళ్లు అంటే ముత్తం నడిమి గోడకు అవతల ఉన్న మా చిన్నమ్మ. మా చిన్నాయన భార్య. మా అమ్మకు స్వయానా చెల్లెలు. అక్కాచెల్లెళ్లిద్దరూ అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంటికి కోడళ్లయ్యారు. ముత్తం మధ్యలో నిట్టనిలువుగా నిలబడ్డ ఆ సిమెంటు గోడకు తూర్పున మేము, పడమట వాళ్లు.

ఈ ఇంటి కథ నాకు చెప్పింది మా అవ్వ, అంటే నాయన తల్లి. మా ముత్తాత ఎడ్లను తోలుకుని ఈ మెట్టభూమికి వచ్చినప్పుడు మొదట కట్టింది పత్తిల్లు. దానికి కిటికీ లేదు. కప్పుకు దగ్గరగా గాలికి రెండు చిన్న కంతలు మాత్రం ఉండేవి. తలుపు ఇరుకు, గడప ఎత్తు. తేమ చొరబడకూడదు, ఎలుక దూరకూడదు, నిప్పురవ్వ ఎగిరి రాకూడదు. మూరన్నర మందాన రాతిగోడలు.

“పత్తికి ఇల్లు కట్టినాడు మీ ముత్తాత. మనుషులు బయట పందిట్లో పండుకున్యారు” అని అవ్వ నవ్వేది.

రేగడి మీద ఇల్లు కట్టడం తేలిక కాదు. వానకు ఆ నేల ఉబ్బుతుంది, ఎండకు దూడ కాలు దిగబడేంత నెర్రెలు విచ్చుతుంది. పైపైన పునాది వేస్తే గోడలు ఏటేటా చీలుతూనే ఉంటాయి. అందుకని నల్లమట్టి అంతా తీసేసి, అడుగున తెల్లగా గట్టిగా సున్నపుగడ్డల పొర తగిలేదాకా తవ్వారు. ఆ కందకంలో వైప్పారు ఏటి నుంచి బండ్లకెత్తి తెచ్చిన ఇసుక పోసి, నీళ్లు పట్టి, దిమ్మిస కొట్టి, దానిమీద రాయి పేర్చారు. పక్కనున్న రేగడి ఉబ్బినా ఇసుక సర్దుకుంటుంది, గోడ కదలదు. ఆ ఎండాకాలమంతా ఎడ్లకు ఇసుక మోయడం తప్ప వేరే పని లేదని అవ్వ తన అత్తగారు చెప్పగా విన్నదట.

తరవాత పత్తి బాగా పండిన కాలం వచ్చింది. అప్పుడు మా తాత ముందరి భాగంలో మిద్దె లేపాడు. సముద్రం మీద తూత్తుకుడికి వచ్చిన టేకు మాను బండ్ల మీద ఊరికి చేరింది. దూలాల మీద వాసాలు, వాసాల మీద చిన్న ఇటుకలు వాలుగా నిలబెట్టి, పైన గానుగ సున్నం పోశారు. ఆ సున్నంలో కరక్కాయ నానేసిన నీళ్లూ బెల్లమూ కలిపేవారు. ఊరి ఆడవాళ్లు మిద్దె మీద వరసగా కూర్చుని, చెక్క సుత్తులతో పాట పాడుకుంటూ ఆ కప్పును గట్టిపడేదాకా కొట్టారట. కొత్త కోడలుగా అవ్వ కూడా ఆ వరసలో కూర్చుంది. తన చెయ్యి బొబ్బలెక్కిన సంగతి నాకెన్నిసార్లు చెప్పిందో.

అన్నిటికన్నా తెలివైన పని ముత్తం. మా ఊరి బావుల్లో నీళ్లు ఉప్పన, పప్పు కూడా ఉడకదు. అందుకని ఇంటి కప్పులన్నీ లోపలికి వాలేటట్టు కట్టారు. నాలుగు వైపుల వాన ముత్తంలోనే పడుతుంది. చూరు కింద అండాలు పెట్టి తాగే నీళ్లు పట్టుకునేవాళ్లు. మొదటి వాన కప్పు కడిగేదానికని వదిలేసేవాళ్లు. ఎక్కువైన నీళ్లు గచ్చు వాలు మీదుగా పడమటి మూలకు జారి, అక్కడున్న రాతి తూములోకి దిగి, తాళ్వారం అడుగు నుంచి పెరట్లోని గుంటకు చేరేవి. గుంట నీళ్లు గొడ్లు తాగేవి. చినుకు కూడా వృథా పోయేది కాదు, ఒక్క గోడా తడిసేది కాదు.

తాత పోయిన కొన్నేళ్లకు వరసగా వానలు తప్పాయి. పత్తి ఎండిపోయింది. పత్తిల్లు ఖాళీగా పడి ఉంది. అప్పటికే కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటా అగ్గిపెట్టెల పని వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లు పుల్లల కట్టలు, చెక్క చట్రాలు దింపి పోతారు. ఆడవాళ్లు కూర్చుని చట్రాల్లో పుల్లలు పేర్చి ఇస్తే, మందు అద్దడం అంతా వాళ్ల దగ్గరే జరుగుతుంది. చిన్నాయనకు ఆ పని మీద మనసు పోయింది. ఒకరోజు భోజనాల దగ్గర నాయనతో అన్నాడు.

“పత్తిల్లు సుమ్మానే ఉండాది గదన్నా. అందులో పుల్లల పని పెడదాము. ఊర్లో ఆడోళ్లకు కూలి దొరుకుతాది, మనకూ నాలుగు మెతుకులు.”

నాయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

“పత్తి పెట్టిన ఇంట్లో నిప్పు పని పెడతావా?”

“నిప్పు యాడుండాదన్నా? ఉత్త పుల్లలు. మందు ఈడ పూసేది లేదు.”

“ఇయ్యాల పుల్లలంటావు, రేపు మందంటావు. వాన వస్తాది, పత్తి వస్తాది. నేనుండేదాకా ఆ తలుపు దానికి తెరిచేది లేదు.”

“వాన వచ్చేదాకా బిడ్డలు ఏం తినల్ల?”

అంతే. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. నాయన పట్టుదలంతా తండ్రీ తాతా కట్టిన దాని మీద. చిన్నాయన భయమంతా రాబోయే నెలల మీద. అప్పుడు మాకేం తెలుసు? పెద్దమనుషులు వచ్చి తిన్నె మీద కూర్చోవడం, ఇల్లు రెండు చెయ్యడం చూశాం. పత్తిల్లు ఉన్న తూర్పు సగం పెద్దవాడికి, వంటిల్లు ఉన్న పడమటి సగం చిన్నవాడికి. పొలాలు పంచుకోవడం తేలికగానే అయిపోయింది. ముత్తానికి మాత్రం గోడ కావలసి వచ్చింది.

ఆ గోడకు పునాది తవ్వలేదు. పాత గచ్చు మీదనే సిమెంటుతో ఇటుకలు పేర్చుకుంటూ పోయారు. తూము పడమటి సగంలో ఉంది కాబట్టి మా నీళ్లు పోయేదానికి గోడ అడుగున కంత ఒకటి వదిలారు. గోడ లేస్తున్నంతసేపూ అమ్మ, చిన్నమ్మ చెరొక వైపు తాళ్వారంలో నిలబడి ఉన్నారు. ఇద్దరి తలలూ కనబడకుండా పోయే ఎత్తుకు వచ్చాక అమ్మ లోపలికి వచ్చేసింది. ఆ రాత్రి వంట తాళ్వారంలో మూడు రాళ్లు పెట్టి వండింది. వంటిల్లు అవతలికి పోయింది కదా.

మరుసటి ఐప్పసి నెలలో, అంటే మా వైపు వానాకాలంలో, మంచి వాన పడింది. మా వైపు నీళ్లన్నీ చెత్తా చెదారంతో కంతలోంచి అవతలికి ఉరికాయి. చిన్నాయన తాళ్వారంలో పేర్చి పెట్టుకున్న పుల్లల కట్టలు, చట్రాలు తడిసి ముద్దయ్యాయి. వాన వెలిసినాక కంతలో కంకర, సిమెంటు దూర్చి మూసేశాడు. నాయన అది చూశాడు.

ఆ తరవాత వానొచ్చినప్పుడల్లా మా ముత్తం నిండేది. నాయన, అన్న, అమ్మ, నేను వరసగా నిలబడి బిందెలు, బకెట్లు చేతులు మార్చుకుంటూ నీళ్లు వీధిలోకి పారబోసేవాళ్లం. పిల్లలం కదా, మాకది ఆటగానే ఉండేది. ఒకసారి అమ్మ నడుము పట్టుకుని నిలబడి నాయనను అడిగింది.

“పోయి ఒక మాట అడిగితే తప్పేమి? మీ తమ్ముడే గదా.”

“అడగను” అన్నాడు నాయన. ఇంకో బిందె ముంచాడు.

అయినా ఆడవాళ్ల మధ్య రాకపోకలు ఆగలేదు. పెరట్లో గోడ లేదు, కంపచెట్ల దడి మాత్రమే ఉంది. అక్కడ బట్టలుతికే బండ దగ్గర అక్కాచెల్లెళ్లు రోజూ కలిసేవాళ్లు. ఇటు నుంచి పులుసు, అటు నుంచి పచ్చడి దడి మీదుగా మారేవి. మగవాళ్లకు ఆ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండేవాళ్లు.

చిన్నాయన ముందు పోయాడు. పాడె ముందు కొమ్ము పట్టింది నాయనే. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, తడి పంచెతోనే ముత్తం గట్టు మీద గోడకు ఎదురుగా చాలాసేపు కూర్చున్నాడు. గోడ గురించి అప్పుడైనా ఏమైనా అంటాడనుకున్నాను. అనలేదు. కొన్నేళ్లకు ఆయనా పోయాడు. చేతి పుల్లల పని కూడా తగ్గిపోయింది, యంత్రాలు వచ్చాయి. చిన్నమ్మ కూతురు తిరుత్తంగల్‌లో అచ్చాఫీసులో ఉద్యోగానికి చేరి, అక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడింది. పడమటి సగంలో చిన్నమ్మ ఒక్కతే మిగిలింది.

ఇదంతా నా మనసులో తిరుగుతుండగా ఆ రోజు అమ్మ మంచం మీద నుంచే అన్నది.

“మోటారు పెట్టి ఎంతకాలం తోడతారు? ఆ తూము తెరవల్ల. అది తెరిస్తే ఇల్లు నిలుస్తాది.”

“తూము ఆ పక్క గదా ఉండాది” అన్నాడు అన్న. ఆ గొంతు అచ్చం నాయనది.

నేను బయటికి నడిచి, వీధి చుట్టి చిన్నమ్మ వాకిట్లోకి పోయాను.

“యాం బిడ్డా, ఈ వానలో వచ్చినావు? బస్సు దొరికినాదా? రా, కాళ్లు కడుక్కో. ఇప్పుడు నీళ్లకు తక్కువ లేదు” అన్నది చిన్నమ్మ.

ఆమె వైపు ముత్తం పొడిగా ఉంది. పుల్లలు తడవకుండా చిన్నాయన ఎప్పుడో దాన్ని ఎత్తు చేసి, పడమటి మూలకు వాలు పెట్టి సిమెంటు పరిపించాడు. తూము నోరు మాత్రం నీళ్లు దిగేదానికి చిన్న జల్లెడ వదిలి, తక్కినదంతా ఆ సిమెంటు కింద కప్పేశాడు. చిన్నమ్మ కాఫీ కలుపుతుంటే పత్తింటి గోడ సంగతి చెప్పాను. ఆమె స్పూను తిప్పుతూనే ఉంది.

“మా అక్క అడగమనిందా?”

అక్క అంటే మా అమ్మ.

“తూము తెరవల్లని అన్నది. అడగమని ఎవరూ చెప్పలేదు. నేనే వచ్చినాను.”

“ఇన్నేండ్లలో ఒక్కరు అడగలేదు బిడ్డా” అన్నది చిన్నమ్మ. “మీ చిన్నాయన పడకలో ఉన్నప్పుడు గూడా చెప్పినాడు. వాళ్లు వచ్చి అడిగితే తెరిచి ఇచ్చేయ్ అని. అడిగితేనే, అన్నాడు. మీ నాయన ఆ తిన్నె మీద వచ్చి కూర్చుంటాడని ఎంత ఎదురు చూసినాడో. కాలు చప్పుడైతే తల ఎత్తేవాడు.”

ఇవతల తడి పంచెతో గోడకెదురుగా కూర్చున్న నాయన కళ్లముందు కనబడ్డాడు. ఒకరు అడగాలని ఒకరు, అడగనని ఒకరు. మధ్యలో ఇల్లు నాని నాని పగిలింది.

“నేను అడుగుతా ఉండాను చిన్నమ్మా. తెరుద్దామా?”

“తెరుద్దాము. సిమెంటు పగిలితే పగలనీ. నాకేమి, ఆడ పుల్లలా ఎండబెట్టేది?” కాఫీ నా చేతికిచ్చింది. “ఐతే మీ అన్న వచ్చి నాతో చెప్పల్ల. నీ నోటి మీద మాత్రం సరి అనను.”

వెనక్కి పోయి అన్నకు చెప్పాను. కాసేపు పైపు వంకే చూస్తూ నిలబడ్డాడు. తరవాత తువ్వాలు నెత్తిన వేసుకుని నాతో వచ్చాడు. చిన్నమ్మ గడప ముందు ఆగిపోయాడు. నీళ్లు కారుతున్న గెడ్డంతో, “చిన్నమ్మా” అని మాత్రం అన్నాడు.

“లోపలికి రా. మీసం వచ్చినంక ఈ గడప తొక్కలేదు నువ్వు” అన్నది ఆమె. తువ్వాలు తీసుకుని అతని తల తనే తుడిచింది. యాభై దాటిన మా అన్న చిన్నపిల్లవాడిలా తల వంచి నిలబడ్డాడు. అతను నోరు తెరిచి అడగనే లేదు. ఆమె అడిగించనూ లేదు.

మర్నాడు పొద్దున్నే ఎట్టయాపురం నుంచి మేస్త్రి, ఇంకో మనిషి వచ్చారు. కంత ఉన్న చోట సుత్తి వెయ్యగానే ఇటుకలు పొడిపొడిగా రాలాయి. ఇన్నేళ్లూ ఉప్పు తేమ పీల్చి గోడ లోలోపలే పుచ్చిపోయిందన్నమాట. ఇంకో రెండు దెబ్బలకు పై గోడ ముందుకు ఒరిగింది. మేస్త్రి తమిళంలో గట్టిగా అరిచి అందరినీ పక్కకు తోశాడు. ఇక కంత తెరిస్తే చాలదు, పైనుంచి దించకపోతే మనుషుల మీద పడుతుంది అన్నాడు.

వరస వరసగా ఇటుకలు దించారు. గోడ మీదుగా మొదట చిన్నమ్మ నెరిసిన జుట్టు, ఆ తరవాత ముఖం కనబడింది. ఇటువైపు అమ్మ కర్ర ఊతంతో వచ్చి నిలబడింది. రోజూ పెరట్లో చూసుకునే మనుషులే. అయినా ముత్తంలో అలా ఎదురెదురుగా నిలబడేసరికి ఇద్దరూ కొత్తవాళ్ల ముందున్నట్టు కొంగులు సర్దుకున్నారు.

“నీ పక్క వెలుతురు బాగా వస్తాదే” అన్నది అమ్మ చివరికి.

“మధ్యాన్నం దాకానే. తరవాత మీ పక్కకు పోతాది” అన్నది చిన్నమ్మ.

గోడ నడుము కిందికి దిగాక చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“చాలు. ఇంతటితో నిలపండి.”

“అంతా తీసేస్తేనే బాగుంటాది గదా చిన్నమ్మా” అన్నాడు అన్న.

“నీళ్లు పోయేదానికి తోవ కావల్ల. తోవ తీసుకోండి. తక్కినది ఉండనీ. ఇది మీ చిన్నాయన చేతులతో సున్నం కొట్టిన గోడ. మొత్తం తీసేస్తే ఆయన చేసిందంతా తప్పని ఊరికి చెప్పినట్టు. ఆయన తప్పు చెయ్యలేదు. బిడ్డకు అన్నం పెట్టల్లని చూసినాడు.”

మేస్త్రి సుత్తి కిందికి దించాడు. అమ్మే ముందుగా తేరుకుంది.

“ఉండనీలే. మోకాళ్ల నొప్పికి కూర్చునేదానికైనా పనికొస్తాది.”

సరే అని మేస్త్రి వాలిన చోట మాత్రం పూర్తిగా తీసి, మిగిలింది కూర్చునే ఎత్తున ఉంచి, పైన సిమెంటు మెత్తాడు. ఆ తరవాత అవతలి వైపు నేల పాత గచ్చు దాకా పగలగొట్టి తూము మీది రాతిపలక లేపారు. తూము చెక్కుచెదరలేదు. కానీ జల్లెడలోంచి దిగిన మట్టితో సగం పూడిపోయి ఉంది. ఆ మట్టిలో నానిన అగ్గిపుల్లలు గుప్పెళ్లకొద్దీ వచ్చాయి. అన్న ముత్తంలో నిలబడి ఇనుప కడ్డీతో పొడుస్తుంటే, మేస్త్రి పెరటి వైపు నుంచి తవ్వుతున్నాడు. చాలాసేపు ఏమీ కాలేదు. తరవాత మా వైపు నీళ్ల మీద తేలుతున్న వేపాకు ఒకటి మెల్లగా తిరిగి, పడమటికి మళ్లింది. నీళ్లు కదిలాయి. చూస్తుండగానే వేగం అందుకుని, బుడబుడమని చప్పుడు చేస్తూ తూములోకి దూకాయి.

“వస్తా ఉండాది! ఈడ వస్తా ఉండాది!” పెరట్లోంచి చిన్నమ్మ కేక.

అమ్మ కర్ర గోడకు ఆనించి, చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. సాయంత్రానికి మా ముత్తంలో గచ్చు బయటపడింది. నున్నటి ఆ పాత గచ్చు మీద కాళ్లు పెట్టి నడిస్తే చల్లగా, చిన్నప్పటి లాగే తగిలింది.

ఇంతటితో ఇల్లు బాగుపడిందని చెప్పలేను. వానలు తగ్గి నేల ఆరేకొద్దీ పత్తింటి చీలిక ఇంకా విచ్చుకుంది. దూలం ఒక పక్క జారిపోయింది. మాసి నెలలో, ఎండలు మొదలవుతుండగా, ఆ గదిని దించక తప్పలేదు. ఇంట్లో అన్నిటికన్నా పాతది, ఎన్ని తుపాన్లకో నిలబడినది, అదే పోయింది. మిద్దె, తాళ్వారాలు, నడిమిల్లు మిగిలాయి. చిన్నమ్మ ఒప్పుకున్నా కూడా అన్న వాటిని పడగొట్టలేదు. ఇంజినీరు మాట మళ్లీ ఎత్తలేదు.

పత్తిల్లు దించే రోజుల్లో సెలవు పెట్టి వెళ్లాను. రాళ్లు ఊడిరావడానికి మనుషులు నానా తంటాలు పడ్డారు. కరక్కాయ సున్నం అంత గట్టిగా పట్టింది. గోడలు తీసేశాక పునాది కందకం తెరిచి చూశాం. చుట్టూ కాటుకలాంటి మట్టి, మధ్యలో పచ్చటి ఏటి ఇసుక, అందులో చిన్న చిన్న గవ్వలు. నల్లటి నేల లోపల ఒక ఏరు నిద్రపోతున్నట్టు ఉంది. ఒకచోట మాత్రం ఇసుక బురదై నల్లమట్టితో కలిసిపోయింది. అది ముత్తం పక్క మూల. నీళ్లు నిలిచిన చోటు. అన్న ఆ మూల దగ్గర కూర్చుని గుప్పెడు బురద తీసి నలిపి చూశాడు.

“ముత్తాత కట్టినదానిలో తప్పు లేదు పాపా. నీళ్లకు తోవ పెట్టినాడు. మనమే మూసినాము.”

కొత్త గది అదే చోట వేశారు. ఏటి ఇసుక ఇప్పుడు తియ్యనివ్వరు కాబట్టి క్వారీ పొడి తెప్పించాడు. కాంక్రీటు స్తంభాలు వేస్తే చాలు, ఇంత లోతు తవ్వక్కర్లేదని మేస్త్రి అన్నా అన్న వినలేదు. తెల్లటి పొర తగిలేదాకా తవ్వించి, క్వారీ పొడి పోసి తడిపి కొట్టించి, ఆ మీదే స్తంభాలు లేపాడు. పాత రాళ్లను కింది వరసలకు వాడుకున్నాడు. కిటికీలు రెండు పెట్టించాడు. ఇప్పుడు అందులో అమ్మ మంచం, పక్కనే స్నానాలగది. పత్తి వెయ్యడం అన్న ఎప్పుడో మానేశాడు. మక్క, మినుము, కొంచెం కొత్తిమీర. వాటి మూటలు నడిమింట్లో ఉంటాయి. కొత్త గది పగలంతా కాగుతుందనీ, పాతది చల్లగా ఉండేదనీ అమ్మ నేను వెళ్లినప్పుడల్లా ఫిర్యాదు చేస్తుంది. నిజమే, కాగుతుంది.

విరుదునగరులో మేము అపార్టుమెంటులో ఉంటాం. మా కప్పు మీద పడిన వాన ఎటు పోతుందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఇన్నాళ్లూ అనిపించనూ లేదు. ఈ మధ్య వాన పడితే బాల్కనీలోకి వచ్చి పైపుల వైపు చూస్తూ నిలబడుతున్నాను. ఇల్లు కట్టేటప్పుడు మనుషులు ఎండనూ వాననూ మట్టినీ ఎంతో దూరం ఆలోచిస్తారు. తమ తరవాత అందులో కాపురం ఉండే అన్నదమ్ములను మాత్రం ఏ మేస్త్రీ లెక్కలోకి తీసుకోలేడు. ఆ పని ఎవరికి వాళ్లం చేసుకోవలసిందే.

పోయిన నెల చిన్నమ్మ కూతురికి, పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, కాన్పు దగ్గరపడింది. తిరుత్తంగల్ పోయి కొన్నాళ్లు ఉండి రావాలని చిన్నమ్మ బయలుదేరింది. ఆ రోజు నేనూ ఊళ్లోనే ఉన్నాను. ఆమె తన వాకిలికి తాళం వెయ్యలేదు. లోపలి నుంచి గడియ పెట్టి, ముత్తంలో గోడ తీసేసిన చోటు దాటి, మా వైపు నుంచి బయటికి వచ్చింది. బీరువా తాళంచెవి వదిన చేతిలో పెట్టి, సందేళ దీపం మరిచిపోవద్దని చెప్పింది. అన్న సంచి అందుకుని బస్సు దాకా దిగబెట్టడానికి ముందు నడిచాడు.

“ఎన్నాళ్లుంటావే?” అని అడిగింది అమ్మ.

“బిడ్డకు తల నిలిచేదాకా. ఆ తరవాత నాకు ఆడేమి పని?” అన్నది చిన్నమ్మ. చెప్పులు తొడుక్కుంటూ మళ్లీ వెనక్కి తిరిగింది. “నా పక్క మునగచెట్టుకు కాయలు దిగినాయి. ముదరనీకుండా కోసుకోండి.”

వదిన అప్పటికే గంప చేతిలో పట్టుకుని పడమటి పెరటి వైపు పోతోంది.